నాయనకు వినపడని ఏళ్లు

మా నాయన కోవిల్‌పట్టిలో బడిపంతులు. ఊరంతా ఆయన్ని వాత్తియారు అనే పిలిచేది. బడి వదిలాక కూడా ఆయన పని అయిపోయేది కాదు. చదువురానివాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాడు, జబ్బుపడ్డవాళ్లను బండెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది మా అత్త, నాయనకు అక్క. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మావాళ్లందరి ఇళ్లలోనూ అంతే.

నాయనకు ఆటపాటల పిచ్చి. నాటకాలవాళ్లు ఊళ్లోకి వస్తే మా వసారాలోనే బస. అత్త సణుగుతూనే పెద్ద కుండలో సజ్జ సంగటి కెలికేది. అన్నిటికన్నా ఆయనకు ఇష్టం పుదూరు వైపు పల్లెల్లో మావాళ్లు ఆడే ఆట. కాళ్లకు గజ్జెలు, చేతుల్లో గుడ్డలు, వెనక ఉరుమి. ఉరుమి అంటే రెండు పక్కలా తోలు బిగించిన వాయిద్యం. వంకర పుల్లతో రుద్దితే ఎద్దు మూలిగినట్టు పలుకుతుంది. పెళ్లికీ చావుకూ అదే. ఆ ఆటను తన బడి పండగలో ఆడించాలని నాయన ఎంతో తిరిగాడు. చావు మేళం బడిలోకి రాకూడదని హెడ్మాస్టరు కరాఖండిగా చెప్పేశాడు.

దాంతో నాయన విరుదునగర్‌లో ఒక బడివాళ్లను ఒప్పించాడు. ఎండలు మొదలయ్యే తమిళ నెల పంగుని, అక్కడి అమ్మవారి పొంగలి రోజులు. ఆటగాళ్లు పుదూరు నుంచి ఎద్దుబండ్ల మీద కోవిల్‌పట్టికి వచ్చారు. అందరం కలిసి రైలెక్కాం. నన్నూ తీసుకుపోయాడు. సాయంత్రం పందిట్లో నాయన ముందుగా నిలబడి, ఈ ఆట ఏమిటో, ఎవరిదో తమిళంలో జనానికి చెప్పాడు. ఉరుమి మొదలైంది. కాసేపటికి పందిరి గుంజ ఒకటి పట్టు వదిలింది. ఆ పక్కనున్న జనమంతా అరుస్తూ పరుగెత్తారు. నాయన మాత్రం ఆటగాళ్ల పాదాలు చూస్తూ, తొడమీద తాళం వేసుకుంటూ అక్కడే ఉన్నాడు. ఉరుమి వాయించే పెద్దాయన వాయిద్యం వదిలేసి వచ్చి ఆయన్ని లాగాడు. గుంజ ఆయన నిలబడ్డ చోటే పడింది.

"వాత్తియారా, ఇంతమందిమి అరస్తా ఉంటే నీకు యినపడలేదా?"

నాయన ఆయన పెదవుల వైపే చూశాడు. "ఏమంటివి?"

పెద్దాయన తన చెవి పట్టుకుని చూపించాడు. "ఎన్నాళ్లాయె ఇట్ల?"

"పోయిన పొంగలికి ముందే మొదలాయె. ఇప్పుడు బొత్తిగా లేదు. మా పాపకు చెప్పొద్దు."

నేను ఆయన వెనకే ఉన్నాను. పెద్దాయన నా వైపు చూసి, తన వాయిద్యం దగ్గరికి పోయాడు. నాకు ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. గుంజ మళ్లీ నిలబెడుతుంటే అది చూస్తూ ఉండిపోయాను.

తర్వాత తెలిసింది, క్లాసులో పిల్లలకు ఇది ఎప్పుడో తెలుసునని. ఎవరు చెప్పారో ఏమో, ప్రశ్న అడగాలంటే లేచి ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి అడిగేవాళ్లట. అంతవరకూ తెలియనిది ఇంట్లో మాకే. బడిలో ఆ దాపరికం తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా సాగింది. ఇన్‌స్పెక్టరు గోడమీది పటం వైపు తిరిగి ఏదో అడిగాడు. నాయన వేరే దేనికో జవాబు చెప్పాడు. కొన్నాళ్లకు ఆయన్ని బడి నుంచి పంపేశారు. ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, "ఇక పోవద్దన్నారు" అని అత్తకు చెప్పాడు. అత్త ఏదో అడిగింది. ఆయన తల తిప్పుకున్నాడు.

ఇంట్లో పలక మీద రాసి మాట్లాడుకోవాల్సి వచ్చింది. నాకు రాయడం వచ్చింది తమిళమే. నాయనకూ అంతే. అత్తకు అదీ రాదు. ఆయన తెలుగులో అడిగితే నేను తమిళంలో రాసేదాన్ని. అత్త కంచం పెట్టి వెళ్లిపోయేది. ఇంట్లో తెలుగు దాదాపు ఆగిపోయింది.

ఒకసారి తెలుగునే తమిళ అక్షరాలతో రాసి చూశాను. తమిళంలో కకూ గకూ ఒకటే అక్షరం. "అత్త గుడికి పోయింది" అని రాస్తే "కుడికి" అయింది. తమిళంలో కుడి అంటే తాగడం.

నాయన చదివి, "మా అక్క కుడికి పోయిందా? ఇదెప్పట్నుంచి?" అని పెద్దగా నవ్వాడు. బడి పోయాక ఆయన మొదటిసారి నవ్వింది అప్పుడే. నేనూ నవ్వాను, దానికి పలక అక్కర్లేదు.

ఆ మర్నాడే ఆయన రైల్వే స్టేషనుకు పోయాడు. అక్కడ పనిచేసే నెల్లూరాయన చేత తెలుగు అక్షరాల పుస్తకం ఒకటి తెప్పించుకున్నాడు. ఆ నెల్లూరాయన మా మాట వింటే తన ముత్తవ్వ మాట్లాడినట్టు ఉందనేవాడు. తల నెరిసిన నాయన వసారాలో కూర్చుని అ, ఆ దిద్దాడు. ఆయన నేర్చుకుని నాకు నేర్పాడు. ఇద్దరం కలిసి అత్తకు నేర్పాం. తర్వాత పల్లెల నుంచి మావాళ్ల పిల్లలు కూడా వచ్చి వసారాలో కూర్చునేవాళ్లు. ఉరుమి పెద్దాయన వచ్చినప్పుడు నాయన తోలుమీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కూర్చునేవాడు. తాళంలో తేడా చేతికి తగిలితే చెప్పేవాడు కూడా.

అత్త తనంతట తాను రాసిన మొదటి మాట: "ఉప్పు చాలిందా?"

"చాలింది అక్కా!" అని నాయన వీధంతా వినిపించేట్టు అరిచాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలిసేది కాదు. అత్త చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

నాకు విరుదునగర్‌లో సంబంధం కుదిరింది, పెళ్లయి అక్కడికి వచ్చేశాను. ఆ తర్వాతి ఎండాకాలం కోవిల్‌పట్టిలో కలరా వచ్చింది. నాయన ఇల్లిల్లూ తిరిగి నీళ్లు కాచి తాగమని చెప్పాడట, పడిపోయినవాళ్లకు గంజి పోశాడట. ఒక పొద్దున ఉరుమి పెద్దాయన మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"పాపా, పొయ్యి ఆర్పి రా."

అన్నం వార్చి, గిన్నె దించి, పొయ్యి మీద నీళ్లు చల్లి బయల్దేరాను. రైల్లో సాత్తూరు స్టేషనులో ఎవరో దోసకాయలు అమ్ముతున్నారు. వాటి పచ్చదనం ఇప్పటికీ కళ్లకు కడుతుంది; ఆ రోజు ఇంకేం అనుకున్నానో గుర్తు లేదు. నాయనది కలరా చావు కాబట్టి నేను చేరేసరికే అంతా ముగించేశారు. హెడ్మాస్టరు వచ్చి వీధిలో చెప్పులు విడిచి, కాసేపు నిలబడి వెళ్లాడట. అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

అత్తను నాతో తీసుకొచ్చేశాను. మరుసటి పంగునికి, ఎవరూ అడగకుండానే, విరుదునగర్ బడివాళ్లు పుదూరు ఆటగాళ్లను పిలిపించారు. ఈసారి ముందు నిలబడి ఆట గురించి చెప్పింది ఆ బడిలో చేరిన కుర్ర పంతులు. నాయన దగ్గర చదువుకున్నాడట. బాగానే చెప్పాడు. ఆడవాళ్ల వరసలో నా పక్కన కూర్చున్నావిడ, "ఇది ఏ ఊరి ఆటమ్మా?" అని తమిళంలో అడిగింది. పుదూరు వైపు మావాళ్లదేనని చెప్పాను. ఆట అయ్యేదాకా ఉండి, అత్త చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చాను.