లెక్కలో పోయిన కిటికీ

మా అమ్మ నన్ను నోరు తెరిచి అడిగింది ఒక్కటే. కొత్త ఇంట్లో తన మంచం పక్కన ఒక కిటికీ. అది కూడా ఇవ్వలేకపోయాను. ఇవ్వలేకపోయాను అనడం కూడా అబద్ధమే. ఇవ్వలేదు.

నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళి నన్ను చదివించింది. మేమున్న ఒంటిగది ఇంటికి కిటికీ లేదు. ఒక చెక్క తలుపు, దానికి అడ్డంగా గోనెపట్టా, అంతే. అమ్మ పని నుంచి వచ్చి చీర దులిపితే నేను తుమ్మేదాన్ని, ఆవిడ దగ్గేది. నా తుమ్ములు కాసేపటికి ఆగేవి. మగదిక్కు లేని ఇల్లు కాబట్టి పొద్దుగూకితే గడియ పెట్టాల్సిందే, ఎండాకాలమైనా సరే. "తలుపు తీస్తే గాలితోపాటు ఎవడైనా వస్తాడు. కిటికీ అయితే గాలొక్కటే వచ్చిద్ది," అనేది అమ్మ.

నేను సైన్సు టీచరునయ్యాను. మా ఆయనా ఉద్యోగస్తుడే. ఊరి చివర స్థలం కొని ఇల్లు మొదలుపెట్టాం. మేం క్రైస్తవులమని తెలిసి కూడా ఇంజనీరు గీసిచ్చిన ప్లానులో పూజగది ఉంది. అందరికీ అదే ప్లాను ఇస్తాడట. అమ్మ గదికి పడమటి గోడలో కిటికీ ఉంది. అవతల పత్తి చేను. ఆ కాగితం మీద తన కిటికీ ఎక్కడో చూపించమని అమ్మ నన్ను రెండుసార్లు అడిగింది.

గోడలు లేవకముందే మేస్త్రీ ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. "టీచరుగారూ, గుమ్మాలూ కిటికీలూ కలిపి పదమూడు వస్తున్నాయండి. బేసి పనికిరాదు. సరిసంఖ్య ఉండాలి, చివర సున్నా రాకూడదు. ఒకటి పెంచండి, లేదా ఒకటి తగ్గించండి."

నేను నవ్వాను. వాస్తు మూఢనమ్మకమని బళ్ళో పిల్లలకు చెప్పే మనిషిని నేను. మా ఆయన ఆదివారం ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చునే మనిషి. ఆయన మాత్రం నవ్వలేదు. "మనకు నమ్మకం లేదనుకో. రేపు అమ్మాల్సొస్తే కొనేవాడికి ఉంటుంది కదా," అన్నాడు. చెప్పేవి శ్రీరంగనీతులు. ఇంకొకటి పెంచుదామంటే, గోడలన్నీ కిటికీలైతే బీరువాలు ఎక్కడ పెడతామన్నాడు.

ఏది తీసేయాలి? హాలు కిటికీలు వీధిలోకి కనపడతాయి. వాటికి స్లైడింగ్ అద్దాలు, దోమలు రాకుండా మెష్, రింగుల కర్టెన్లు అన్నీ నేను ముందే ఎంచి పెట్టుకున్నాను. మా పడకగదివి రెండు. అవి మావి. నా వేలు తనంతట తనే అమ్మ గది మీదికి వెళ్ళింది. "పడమటి ఎండ కొడుతుంది కూడా," అన్నాను. ఆ మాట ఎవరూ అడగలేదు, నేనే అన్నాను. మేస్త్రీ పెన్సిలుతో గీత కొట్టేశాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇందులో పెద్ద పిడికెడు నాదే.

వారం తర్వాత మా ఆయన, పూజగది మనకెందుకు, ఆ గోడ లేపకుండా హాల్లో కలిపేయండి అన్నాడు. కలిపేశారు. మళ్ళీ లెక్కపెట్టాలని ఎవరికీ తట్టలేదు.

అమ్మ కొత్త గదిలోకి వచ్చి నాలుగు గోడలూ చూసింది. హాలు కర్టెన్లు కుట్టించాక మిగిలిన గుడ్డ ఉంటే, "ఆ ముక్క నా గోడకు కట్టించు అమ్మాయ్," అంది. రాడ్డు బిగించడానికి వచ్చినతనికి కొలత తనే చూపించింది. రోజూ పొద్దున్నే లేచి ఆ కర్టెను పక్కకు జరిపేది. పొద్దుగూకాక మూసేది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నలుగురిలో నన్ను సాధించడానికే చేస్తోందని అనుకునేదాన్ని.

ఇంట్లో చేరిన నెలకు పెట్టుకున్న గృహప్రతిష్ఠ ప్రార్థన రోజు పాస్టరయ్యగారు అమ్మను పలకరించడానికి ఆ గదిలో కూర్చున్నారు. "ఉక్కగా ఉందమ్మా, కాస్త కిటికీ తీద్దాం," అంటూ ఆయనే లేచి కర్టెను జరిపారు. తెల్ల సున్నం గోడ. ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"లెక్కలో పోయింది అయ్యగారూ," అంది అమ్మ.

ఏ లెక్కో మా ఆయన చెప్పాడు. ఎన్ని వచ్చాయని అడిగారు అయ్యగారు. పన్నెండన్నాడు. "మంచిదే," అని ఆయన ప్రార్థన మొదలుపెట్టారు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అమ్మ వేళ్ళు మడుస్తూ ఇల్లంతా తిరిగింది. తిరిగొచ్చి మంచం మీద కూర్చుని ఆయాసం తీర్చుకుని, "అమ్మాయ్, పదకొండే ఉన్నాయే. ఆ పూజగది గుమ్మం లేదుగా. నా కిటికీ ఉంటే పన్నెండయ్యేవి," అంది.

"పనీపాటా లేకపోతే సరి," అని కసిరాను. ఆవిడ పడుకున్నాక నేనూ లెక్కపెట్టాను. పదకొండే. మా ఆయనకు చెప్పలేదు. చెబితే గోడ పగలగొట్టాలి, కొత్త రంగు పాడవుతుంది, ఇల్లంతా దుమ్ము. సెలవుల్లో చూద్దాంలే అనుకున్నాను. సెలవులు రాకముందే అమ్మ పోయింది. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయి, కిటికీ ఉన్నా బతికేది కాదని డాక్టరు అన్నాడు. బతకడానికి అడగలేదు ఆవిడ.

రెండేళ్ళకు మా ఆయనకు మంగళగిరికి మారాల్సొచ్చి ఇల్లు అమ్మకానికి పెట్టాం. మొదట వచ్చిన దంపతులు అన్నీ చూసి, గుమ్మాలూ కిటికీలూ లెక్కపెట్టుకుని, బేసి వచ్చిందని మొహం మీదే చెప్పి వెళ్ళిపోయారు. వారం తిరక్కుండా మా ఆయన మనుషుల్ని పిలిపించాడు. "ఇంకో కిటికీ ఎక్కడ పెడదాం?" అని నన్నడిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నేను అమ్మ గది చూపించాను.

గోడ కొడుతున్నప్పుడు నేను అక్కడే నిలబడ్డాను. దుమ్ము లేచింది, దగ్గొచ్చింది. ఊచలు బిగించి, రెక్కలు పెట్టాక పనివాడు పాత రాడ్డు వంక చూసి, "దీన్ని కదిపే పనిలేదండి, సరిగ్గా కొలత పెట్టి బిగించినట్టే ఉంది," అన్నాడు. కర్టెను కూడా సరిపోయింది, అంగుళం తేడా లేదు.

తర్వాత వచ్చినవాళ్ళకు లెక్క కుదిరింది. వాళ్ళలో ఇల్లాలు అమ్మ గదిలోకి వచ్చి, ఆ కర్టెను పక్కకు జరిపి, కాసేపు నిలబడింది. "ఇల్లంతటికీ ఈ గదేనండీ, గాలి ఎంత బాగా వస్తుందో," అంది.

అవునండీ, మా అమ్మ గది అన్నాను.