రెండువందల పద్నాలుగో పేజీ

తార్నాకలోని ఒక జిరాక్స్ సెంటర్‌లో జ్యోతిర్మయి పదమూడేళ్లుగా ఊరందరి థీసిస్‌లూ టైప్ చేస్తోంది. ఉండేది మాణికేశ్వర్ నగర్‌లో. ముప్పై ఆరో ఏట తనే ఎం.ఏ. చరిత్రలో చేరింది. మొదటి సెమినార్ పేపర్‌కు చెరువు నీటి పంపకాన్ని ఎంచుకుంది. ఆమె తాత నీరటి, అంటే చెరువు తూము తెరిచి పొలాలకు వంతులవారీగా నీళ్లు వదిలే మనిషి.

పేపర్ రెండు రోజుల్లో అయిపోయింది. చివర పెట్టాల్సిన పుస్తకాల జాబితా ఆమెకు కంఠస్థం. ఎన్ని థీసిస్‌లకు కొట్టిందో లెక్కే లేదు.

గైడ్ వేదవతి ఆ జాబితా మీద వేలు పెట్టి అడిగింది. "వీటిలో మీరు కళ్లతో చూసినవి ఎన్నండీ?"

జ్యోతిర్మయి తల అడ్డంగా ఊపింది.

"ఒక్కటీ లేదన్నమాట. సోమవారంలోగా చూసి మళ్లీ రాయండి. లేకపోతే ఈ పేపర్ పోయినట్టే."

చేతిలో అయిదు రోజులున్నాయి. సెలవు అడిగితే సెంటర్ ఓనర్ నరహరి నవ్వాడు. "ఏంది, ప్రొఫెసర్ అయితవా? థీసిస్‌ల సీజన్ల నన్ను ముంచకు తల్లీ."

"అయితే అయిత అన్నా. పగలు లైబ్రరీ, సాయంత్రం నీ కీబోర్డు. సరేనా?"

యూనివర్సిటీ లైబ్రరీ హాలులో కుర్చీ దొరకలేదు. పోటీ పరీక్షలవాళ్లు పొద్దున్నే బ్యాగులు పెట్టి ఆపుకుంటారు. చదివేది వాళ్లు తెచ్చుకున్న గైడ్లే. అల్మారాల మధ్య ఒక స్టూలు ఖాళీగా ఉంటే జ్యోతిర్మయి అక్కడ కూర్చుంది.

జాబితాలోని మొదటి పుస్తకాన్ని అటెండర్ భూపాల్ దుమ్ము దులిపి తెచ్చాడు.

"ఇది మస్తు మంది తీస్కపోతరు గదా అన్నా? అన్ని థీసిస్‌లల్ల ఇదే ఉంటది."

"ఎవలు తీస్కపోయిన్రమ్మా? ఎనక చీటీ చూడు."

చీటీ మీద చివరి ముద్ర 1988 నాటిది.

ఆ థీసిస్‌లన్నిటిలో ఈ పుస్తకం పేరు చెప్పి ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: 'నీటి పంపకంలో స్త్రీలకు పాత్ర లేదు, పుట 214.' జ్యోతిర్మయి ఆ పుట కోసం వెతికింది. పుస్తకం 186తోనే అయిపోయింది. ఎవడో మొదట తప్పు రాశాడు, తక్కినవాళ్లది గొర్రెదాటు. మందను తోలిన వేళ్లు తనవే.

మూడు రోజుల్లో పుస్తకం మొత్తం చదివింది. ఆ వాక్యం ఎక్కడా లేదు. తొంభై ఏడో పుటలో మాత్రం ఇలా ఉంది: ఒక ఊళ్లో నీరటి చనిపోయాక అతని భార్య లింగమ్మ పదకొండేళ్లు తూము చూసుకుంది. వంతు తప్పిందని ఒక్క ఫిర్యాదూ రాలేదు.

జ్యోతిర్మయి పాత పేపర్ చించేసి, లింగమ్మతో మొదలుపెట్టి కొత్తది రాసింది. చివరి జాబితాలో తను చదివిన ఆ ఒక్క పుస్తకమే ఉంచింది.

సోమవారం వేదవతి దాన్ని రెండుసార్లు చదివింది. "214 లేనే లేదా? నా థీసిస్‌లోనూ అదే రాశానండీ!"

"ఎరికే మేడం. మీరు చేత్తో రాసిన కాయితాలు పంపిన్రు, నేనే టైపు కొట్టిన."

వేదవతి ముఖం ఎర్రబడింది. తర్వాత గట్టిగా నవ్వేసింది. "శుక్రవారం సెమినార్‌లో మొదటి పేపర్ మీదే. తప్పు రాసినవాళ్లలో నా పేరు కూడా చెప్పండి, దాచొద్దు."

శుక్రవారం హాలు నిండింది. జ్యోతిర్మయి ముగించగానే ముందు వరుసలోని పెద్దాయన ఒకరు లేచారు. "ఇన్నేళ్లుగా అందరూ రాసింది తప్పంటున్నావు. ఆధారం ఏదమ్మా?"

జ్యోతిర్మయి పుస్తకం పైకెత్తింది. "గిదే సార్. తొంభై ఏడో పేజీ. చదవమంటరా?"

"చదువు, చదువు!" అని వెనక బెంచీలు అరిచాయి.


పెద్దాయన కూర్చున్నారు. ఆమె చదివింది.