స్టూలు మీద కూర్చున్న మనిషి

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇది రాస్తున్న ఇప్పుడూ లేదు. కెమిస్ట్రీ చదివినవాణ్ణి. గాజు గొట్టంలో రంగు మారితే ఎందుకు మారిందో చెప్పగలిగేవాణ్ణి. చెప్పలేనిది ఒక్కటే ఉంది, అందుకే ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు.

మాది మైపాడు. నాయన అక్కడి బళ్ళో పంతులు. నాకు పది నెలలప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. ఇంట్లో ఆమె ఫోటో లేదు. నాయన ఆమె మాట ఎత్తేవాడు కాదు, నేను అడిగేవాణ్ణి కాదు. ఎదురెదురుగా కూర్చుని మాటల్లేకుండా అన్నం తినేవాళ్ళం.

అరవైల మొదట్లో దూరపు యూనివర్సిటీలో బీఎస్సీ చేరాను. రెండో ఏడు చిత్రలేఖనం కోర్సుకు మారతానని పట్టుబట్టాను. దానికి తండ్రి సంతకం కావాలి. నాయన పెట్టనన్నాడు.

"బొమ్మలు గీస్తే కూడెట్టా వస్తుందిరా అబ్బయ్యా?"

సంతకం తర్వాత తెచ్చుకోవచ్చని, కొత్త కోర్సు ప్రవేశ పరీక్షకైతే కూర్చోనిచ్చారు. అప్పటికే పాత క్లాసువాళ్ళు పలకరించడం మానేశారు, కొత్త క్లాసు ఇంకా నాది కాలేదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. ఆ నెలంతా మెస్సులో ఒక్కణ్ణే తిన్నాను. ఏడుపొచ్చేది.

పరీక్ష ఉదయం తొమ్మిదికి. పన్నెండు మందిమి. హాలు మధ్యలో స్టూలు మీద మనిషిని కూర్చోబెట్టి, మూడు గంటల్లో తల గీయమన్నారు. నాకు కనిపించింది పాతికేళ్ళ ఆడమనిషి, నీలం అంచు నేతచీర. ఎడమ చెవి తమ్మె తెగి రెండు ముక్కలుగా వేలాడుతోంది. చెవి గీయడం కష్టం, అందుకే దాని మీదే ఎక్కువసేపు పెట్టాను. చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలుతో కొలుచుకుంటూ గీశాను. ఆమె నన్నే చూస్తోంది. కదలకుండా కూర్చున్నందుకు సంతోషించాను, అంతే.

తర్వాత బొమ్మలన్నీ గోడకు ఆనించారు. మిగతా పదకొండింటిలోనూ గుబురు మీసాల ముసలాయన. అక్కడి తోటమాలి. మూడు గంటలూ కూర్చున్నది ఆయనేనట. మేష్టారు నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, "చెప్పింది గీయలేదు గానీ గీతలో పట్టుంది" అని సీటిచ్చారు. సంతకం తెమ్మన్నారు.

నిద్రలేదు, సరైన తిండి లేదు, కళ్ళు మోసం చేశాయనుకున్నాను.

నెల్లూరులో రైలు దిగి, బస్సెక్కి ఇంటికి చేరాను. బొమ్మ చాప మీద పరిచాను. నాయన వంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. వేలితో ఆ చెవిని తాకాడు.

"ఇది నీకెవురు చెప్పినార్రా?"

"ఏది నాయనా?"

"కమ్మ పట్టుకుని లాగినావు. ఎనిమిది నెలల పిల్లోడివి. రక్తం కారతా ఉన్నా నిన్ను దించకుండా నవ్వింది మీ అమ్మ. పెద్దయినాక బాధపడతాడు, వాడికి చెప్పబాకండి అనింది."

సంతకం పెట్టాడు. బొమ్మ మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు.

చిన్నప్పుడు ఎవరైనా నా ముందు నోరు జారారేమోనని ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ అడిగాను. ఎవరూ చెప్పలేదన్నారు. చెప్పారనే అనుకుందాం, చెవి సంగతి తెలుస్తుంది. ముఖం కూడా అమ్మదేనన్నాడు నాయన, అదెలా వచ్చింది?

దెయ్యమని అనను. ఏమనాలో నేటికీ తెలియదు. నన్ను తినేసేది అది కాదు. మా అమ్మ మూడు గంటలు నా ఎదురుగా కూర్చుంది. నేను ఒంటికంటితో కొలుస్తూ ఉండిపోయాను.