టెన్షన్ పుట్టిల్లు

మా తెలుగు బడి సారు మొన్న సోమవారం పోయారు. మేం వలస వచ్చిన సచిన్ ఊళ్లో, బట్టల కార్ఖానాలో ఉండగా కబురొచ్చింది. చేతిలో ఉన్న దారం ముడి వేసేశాకే లేచాను. పని సగంలో వదిలితే ఆయనకే కోపం.

సంతాప సభలో ఒకాయన, "చదువురాని ఈ ముసలమ్మకు కూడా సారు పాఠం చెప్పారు" అన్నాడు. తప్పు. సారు నాచేత పాఠం చెప్పించారు. ఆ మాట చెబుదామని లేస్తే మైకు ఇవ్వలేదు. అందుకే ఇప్పుడు నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

పోయిన ఏడు నాకు గుండె పట్టేసినట్టుండేది, నిద్ర పట్టేది కాదు. డాక్టరు చూసి, "టెన్షన్ మత్ లో, మాజీ" అన్నాడు, టెన్షన్ పెట్టుకోవద్దమ్మా అని. నాకు తెలిసిన టెన్షన్ ఒక్కటే, మగ్గం మీద పడుగు దారాల బిగువు. పని మానమంటున్నాడనుకున్నాను. నా కొడుకూ అదే పట్టుకున్నాడు.

"డాక్టర్ సాబే వద్దన్నడు. ఇగ కార్ఖానా బంద్ చెయ్యే అమ్మా."

"టెన్షన్ లేని పడుగు మీద మీ అయ్య నేసిండారా బట్ట?"

ఆ పనే నేను. అది పోతే నాలో మిగిలేదేముంది? కొడుకును లాక్కుని సారు ఇంటికి పోయాను. జేబు నిండా సుద్ద మరకలతో ఉండేవారాయన. ఏ మాట విన్నా "దీని పుట్టిల్లెక్కడ?" అనేవారు. లావుపాటి పుస్తకం తిప్పి చూశారు.

"అమ్మా, నువ్వన్నదే నిజం. ఈ మాట లాటిన్ల పుట్టింది. గుంజి సాగదీసుడని అర్థం. టెంటు గూడ దీని చుట్టమే. మనసుకు తర్వాత అంటగట్టిన్రు."

"మరి మందేంది సారూ?" అన్నాడు కొడుకు.

"నన్నెందుకు? అమ్మనడుగు."

"ఎక్కువ గుంజితే తెగుతది, వదిలేస్తే బట్ట ముడతలు పడ్తది" అన్నాను. "జర సడలియ్యాలె గని, మగ్గమే దింపుతారుర?"

కొడుకు తల గోక్కున్నాడు. "గట్లయితే ఒక్క పూటే పో."

"ఒప్పుకో అమ్మా, సడలిచ్చుడంటే గదే" అన్నారు సారు. ఒప్పుకున్నాను. ఇప్పటికీ ఒక పూట పోతున్నాను, నిద్రా పడుతోంది.

సారు ఇంటికి పోయొచ్చిన మర్నాడే ఆయన నన్ను బడికి పిలిపించారు. "ఇయ్యాల టీచరమ్మ ఈమెనే" అని పిల్లలకు చెప్పి, తాను పోయి వెనక బెంచీ మీద కూర్చున్నారు. దారం గుంజి చూపించి చెప్పాను. చివర్న నా చేతికి సుద్ద ఇచ్చారు. నాకు అక్షరం రాదన్నాను.

"అక్షరమెందుకు? పడుగు దారం గియ్యి, బిగువుగ."

బోర్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క గీత గీశాను. సారు దాన్ని తుడవనివ్వలేదు. వారం పాటు పిల్లలు ఆ గీతకు పైనా కిందా లెక్కలు చేసుకున్నారు.