పలుకుబడికి నెత్తళ్ల మూట

పరాయి దేశపు జైల్లో ఉన్న మా తమ్ముణ్ణి ఎండు నెత్తళ్ల చేపలతో విడిపించబోయినదాన్ని నేను. నవ్వదలచినవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. చివరికొచ్చేసరికి వీలు పడకపోవచ్చు.

మా తమ్ముడు అప్పన్న కళింగపట్నం నుంచి పడమటి సముద్రానికి బోటు కూలికి వెళ్లాడు. నీళ్లలో కనబడని గీతేదో దాటాడని పక్కదేశంవాళ్లు పట్టుకుపోయారు. వాడి పెళ్లాం నూకాలు తిండి మానేసింది. నేనేమో జుట్టు నెరిశాక అప్పుడప్పుడే రాత్రిబడిలో అక్షరాలు నేర్చాను. గోడ మీదున్నా, పొట్లం మీదున్నా, అక్షరం కంటబడితే పిల్లికి చేప కనబడ్డట్టే. ఒకరోజు బెల్లం పొట్లం విప్పుతూ ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదివాను: "దే...శాల మధ్య సం...బంధాల పత్రిక. విదే...శాల్లో పెరిగిన పలుకు...బడి." కింద, ఆ పత్రిక నడిపే శ్రీకాకుళం కాలేజీ సారు మాటల్ని పై దేశాలవాళ్లు రాసుకుంటున్నారని ఉంది.

"ఒసే నూకాలూ, నెగు! సికాకులం కాలేజీ సారుకి ఇదేశాల్లో పలుకుబడి ఉన్నాదట!"

"ఆయన మాట ఆ దేశపోళ్లు ఇంటారేటి ఒదినా?"

"ఇనడమేటే, రాసుకుంటన్నారట!"

నూకాలు ఆ పూట అన్నం తింది. అప్పన్న లుంగీ ఉతికి ఆరేసింది కూడా. నా చదువు చేసిన మొదటి ఘనకార్యం అది.

మర్నాడు నెత్తళ్ల మూటతో సారు గదిలో దిగాం. పైన ఫ్యాను తిరిగేకొద్దీ ఆ వాసన కాలేజీ మొత్తానికీ పాఠం చెప్పింది.

"బాబూ, మీకు ఆ దేశంలో పలుకుబడి ఉన్నాదట గదా?"

పాపం, అంతవరకూ ఆయన్నెవరూ ఆ మాట అడిగినట్టు లేదు. మొహం వెలిగిపోయింది. కంప్యూటర్ మా వైపు తిప్పారు. "ఇదిగో చూడమ్మా. మా పత్రికలో రాసిందాన్ని వేరేవాళ్లు తమ రాతల్లో ఎంతగా ఉదహరిస్తే మాకంత పలుకుబడి. గీత దాటి పట్టుబడ్డ జాలర్ల మీద నేను రాసిన వ్యాసాన్ని ఆ దేశంవాళ్లే ఎత్తి రాసుకున్నారు!"

నూకాలు ఏడుస్తూ దండం పెట్టింది. నేను మూట బల్ల మీద పెట్టాను.

"అయితే బాబూ, మా అప్పన్న పేరు ఆళ్ల సెవినెయ్యండి."

"వాళ్లు అధికార్లు కారమ్మా. నాలాగే పాఠాలు చెప్పుకునేవాళ్లు."

"మరి ఆళ్ల మాట ఎవులు రాసుకుంటారు?"

"వాళ్లలాంటివాళ్లే."

"ఆళ్ల మాట?"

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను."

బస్సులో నూకాలు నన్ను వదిలి వేరే సీట్లో కూర్చుంది. ఇంటికెళ్లి లుంగీ మడిచి పెట్టెలో పెట్టేసింది. నెత్తళ్ల మూట సారు బల్ల మీదే ఉండిపోయింది. తిరిగి తెచ్చుకోవడానికి నాకు మొహం ఉండాలిగా!

కొన్నాళ్లకు సారే మా ఊరొచ్చారు, పత్రిక పట్టుకుని, పెళ్లికొచ్చినంత సంబరంగా. ఆ రోజు మేమన్న మాటలన్నీ వ్యాసంలో పెట్టారట. పేజీ అడుగున చీమలబారులాంటి ఇంగ్లీషు అక్షరాలను వేలితో చూపించి, "'ఒక మత్స్యకార మహిళ' అంటే నువ్వేనమ్మా. ఎన్ని దేశాలవాళ్లు నిన్ను ఉదహరిస్తున్నారో! నీ వల్లే మా పత్రిక పలుకుబడి పెరిగింది" అన్నారు.

పక్కనే వల చిక్కు తీస్తున్న నూకాలు తలెత్తింది. "అయితే ఒదినా, ఇప్పుడు పలుకుబడి నీకే ఉన్నాది గదా. నీ తమ్ముణ్ణి నువ్వే రప్పించు."

వేళాకోళమేమోనని దాని మొహం చూశాను. కాదు.

అప్పన్న ఇంకా రాలేదు. నా పలుకుబడి మాత్రం ఏటికేడు పెరుగుతోందట. అందుచేత మీ అందరి ఎదుటా, బుట్టలో మిగిలిన నెత్తళ్ల మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక జన్మలో బెల్లం తింటాను గానీ పొట్లం కాగితం చదవను. చదివినా, నూకాలుకి వినబడేలా చదవను.