ఎడమ ముందు చక్రం

మా బాపు అరచేతిని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనుమానించలేదు. బొగ్గుబావిలో హాలేజ్ నడిపిన చెయ్యి అది. బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఆ యంత్రం పక్కన ఏళ్ల తరబడి నిలబడ్డాడు. షిఫ్టు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు బ్రేకు మీద చెయ్యి ఆనించి చూసేవాడట. ఎక్కడ వేడి ఎక్కువగా తగిలితే అక్కడ ఏదో పట్టేస్తోందని లెక్క. రిటైరై, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి చొప్పదండి వచ్చాక, సెకండ్ హ్యాండులో కొన్న పాత కారుకూ అదే పద్ధతి పెట్టాడు. ఎక్కడికి పోయొచ్చినా సరే, దిగగానే నాలుగు చక్రాలనూ తడిమి చూసేవాడు.

"కారుకు జరమొచ్చిందా ఏంది?" అని అవ్వ ఎక్కిరించేది.

"నీకంటె నయమే. అడిగితె నిజం చెప్తది," అనేవాడు బాపు.

చిన్నప్పుడు నా జ్వరం చూసిందీ ఆ చెయ్యే. మొన్నటి వానాకాలంలో మా పాప ఒళ్లు కాలుతున్నట్టు అనిపిస్తే బాపును పిలిచాను. నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఏం లేదు బిడ్డా, ఉత్తగ పరేషాన్ అయితున్నవ్," అన్నాడు. థర్మామీటర్ నూటరెండు చూపించింది. మేం థర్మామీటర్ చెడిపోయిందనుకున్నాం. కొత్తది కొన్నాం. అదీ నూటరెండే చూపించింది. ఆ చేతిదే తప్పేమోనన్న ఆలోచన అప్పుడైనా నాకు రాలేదు. డిగ్రీ చదివాను, బాపుకు షుగరుందని తెలుసు, అయినా రాలేదు.

మా ఆయన జైనూర్‌లో టీచరు, వారానికోసారి వస్తాడు. నేనూ పాపా పుట్టింట్లోనే, అవ్వాబాపుల దగ్గరే ఉంటాం. పాపను రోజూ కరీంనగర్‌లో బడి దగ్గర దింపేదీ, సాయంత్రం తీసుకొచ్చేదీ బాపే. నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆయనే కానీ, ఎదురుగా లారీ వస్తే చేతులకు చెమటలు పట్టే రకం నేను.

చలికాలంలో ఒకరోజు కారు ఇంటి ముందు ఆగగానే మాడు వాసన వచ్చింది. మరునాడూ వచ్చింది. బ్రేకు వేస్తే బండి ఎడమకు గుంజుతోందని బాపే చెప్పాడు. ఆదివారం పొద్దున ఇద్దరం పరీక్షకు కూర్చున్నాం. నన్ను సీట్లో కూర్చోబెట్టి పెడల్ తొక్కమన్నాడు. గట్టిగానే ఉంది, కిందికి జారలేదు. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ చూశాడు. గీత దాకా ఉంది. "ఇగ నడిపి చూడాలె," అన్నాడు. పాప వెనక సీట్లోకి ఎక్కేసింది. ఊరి బయట దాకా బాపే నడిపి, వెనక్కి తెచ్చాడు. స్టీరింగ్ కొంచెం వదిలితే చాలు, కారు ఎడమకే పోతోంది.

ఇంటి ముందు దిగి ఒక్కో చక్రం దగ్గర వంగాడు. కుడి పక్కవి రెండూ చూశాడు. ఎడమ వెనకది చూశాడు. ఎడమ ముందు చక్రం మీద కూడా అంతే నింపాదిగా అరచెయ్యి పెట్టి, కాసేపు ఉంచి, తీశాడు.

"నాలుగు ఒక్కతీరే ఉన్నయి బిడ్డా. బండిది కాదు, రోడ్డే గటు వాలి ఉన్నది. ఫికర్ చెయ్యకు."

ఆయన లోపలికి వెళ్లాక, ఎందుకో నేనూ వంగి ఆ చక్రాన్ని ముట్టుకున్నాను. చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. చెంబుతో నీళ్లు పోస్తే చుయ్యిమని ఆవిరి లేచింది.

సాయంత్రానికి బాపు అరచేతిలో బొబ్బ వచ్చింది. "చాయ గిన్నె పట్టుకున్న గావచ్చు," అన్నాడు అవ్వతో. నేను అక్కడే ఉన్నాను.

సోమవారం పాపను బస్సులో తీసుకెళ్లి దింపాను. తర్వాత ఇంటికొచ్చి, కారును కరీంనగర్‌లో బాపు ఎప్పుడూ చూపించే మెకానిక్ దగ్గరికి భయంభయంగా, మెల్లగా నేనే నడిపాను. అతను చక్రం విప్పి చూసి, లోపల తుప్పు పట్టి పిస్టన్ ఇరుక్కుపోయిందన్నాడు. కాలు తీసినా బ్రేకు వదలడం లేదట.

"ఇంకింత దూరం పోతె ఆయిల్ మరుగుతుండె అక్కా. అప్పుడు ఎంత తొక్కినా బ్రేకు పడది. మీ బాపు చెయ్యి పెట్టి చూసేటోడు గద, చూడలేదా?"

"చూడలే," అన్నాను.

కారు బాగైంది. బాపు సంగతి ఎలా ఎత్తాలో తెలియక మరో రెండు రోజులు పాపను బస్సులోనే తీసుకెళ్లాను. గురువారం షుగర్ డాక్టరు దగ్గరికి ఆయన వెంట వెళ్లాను. చేతికేమైందని డాక్టరు అడిగితే బాపు మళ్లీ చాయ గిన్నె అనే చెప్పాడు.

"కాదు సార్," అన్నాను నేను. "కారు చక్రం. కాలుతున్న చక్రం మీద చెయ్యి పెట్టిండు. ఆయనకు తెల్వలే."

బాపు నా వైపు చూశాడు. తర్వాత తన అరచేతిని చూసుకున్నాడు.

డాక్టరు ఆయన్ను మంచం మీద పడుకోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు. సన్నటి తీగతో పాదాలను తాకుతాను, తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. బొటనవేలి కింద తాకాడు. వేళ్ల మొదట్లో తాకాడు. మడమ దగ్గర తాకాడు. బాపు కళ్లు గట్టిగా మూసుకుని, చెప్పడానికి సిద్ధంగా ఎదురుచూస్తున్నాడు.

"షురూ చేసిన్రా సార్?" అన్నాడు చివరికి.

షుగరు వల్ల చేతులకూ కాళ్లకూ స్పర్శ పోయిందని, ఇక బండి నడపొద్దని డాక్టరు చెప్పాడు. తిరుగు దారిలో స్టీరింగ్ నా చేతిలో ఉంది. బాపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇంట్లనే చెప్తె అయిపోతుండె గద బిడ్డా," అన్నాడు. కొంత దూరం పోయాక, తనలో తాను అనుకుంటున్నట్టు, "గీ కాళ్లతోనేనా నేను రోజు పిల్లను తోల్కపోయింది?" అన్నాడు.

ఆ మాట గుర్తొచ్చి నాకు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు. ఆదివారం రాత్రే ఆయన పక్కన కూర్చుని, ఆ చెయ్యి పట్టుకుని, మెల్లగా చెప్పాల్సింది. నాకు ధైర్యం చాలలేదు. అడ్డుగా ఒక డాక్టరు ఉంటే తప్ప మా బాపుకు నిజం చెప్పలేకపోయాను.

ఇంటికి రాగానే కారు తాళంచెవి పాప బడి సంచి మీద పెట్టి, లోపలికి పోయి పడుకున్నాడు. ఆ తర్వాత కారు దగ్గరికి రాలేదు. పాపను నేనే తీసుకెళ్తున్నాను. లారీలు వస్తూనే ఉన్నాయి, చేతులకు చెమటలు పడుతూనే ఉన్నాయి. "తాత ఎందుకు వస్తలేడు?" అని పాప అడిగితే, కాళ్లు నొప్పులని చెబుతున్నాను. కాళ్లకు నొప్పి తెలిస్తే ఎంత బాగుండేదో.

నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చి నాలుగు చక్రాలనూ ముట్టుకుని చూశాను. బాపు ఇంటి ముందు గద్దె మీద అటు తిరిగి కూర్చున్నాడు.

"నాలుగు ఒక్కతీరే ఉన్నయి బాపూ," అన్నాను.

ఆయన తల తిప్పలేదు. "ఎడమ ముందుది మల్లొక్కసారి చూడు," అన్నాడు.

మళ్లీ వంగి చెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది. అయినా ఆయన ఉంచినంతసేపూ అలాగే ఉంచాను.