వద్దన్న కుక్కను తెచ్చిన బాబాయి

మా సూర్యారావు బాబాయికి ‘వద్దు’ అనే మాట చెవిన పడితే చాలు, ఆ పని చేసి తీరాలి. వానలో తడవద్దంటే గొడుగు మూసేస్తాడు. నూనె వస్తువులు వద్దని డాక్టరు చెప్పిన రోజే బజ్జీల పొట్లంతో ఇల్లు చేరాడు. రైల్వే గార్డుగా పనిచేసినన్నాళ్ళూ ఎర్రజెండా మాట ఒక్కటే విన్నాడని ఆయన భార్య సరోజిని పిన్ని అంటుంది. విజయనగరం నుంచి వచ్చి రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో స్థిరపడిన ఆ దంపతుల మేడ మీద నేను అద్దెకుండేవాణ్ణి. వరసలు పిలుపుకే.

ఒకసారి విశ్వకర్మ పూజకని ఉర్లాలో తెలిసినవాళ్ళ ఫ్యాక్టరీకి వెళ్ళాం. పక్కన మూతపడిన షెడ్డులో గొలుసుకు కట్టేసిన కుక్క కనిపించింది. ఒళ్ళంతా గజ్జి, చర్మం కింద ఎముకలు. యజమాని షెడ్డుతోపాటు దాన్నీ వదిలేసి పోయాడట. బాబాయి అటు కదలగానే కాపలావాడు, “ఝన్ జావ్ బాబూ, చాబ్ దిహీ” అన్నాడు. వెళ్ళొద్దు, కరుస్తుందని. ఇంకేముంది, బాబాయి వెళ్ళాడు. అది కరిచింది.

“చెబుతూనే ఉన్నారు కదా బాబాయ్” అన్నాను ఆటోలో.

“దాని పని అది సేసింది. నా పని నేను సేస్తన్నాను” అన్నాడు, గోనెసంచిలో చుట్టిన కుక్కను ఒళ్ళోంచి దించకుండా.

ఆయనకూ సూదులు, దానికీ సూదులు. పశువుల డాక్టరు, “ఇది బతకడం కష్టం. పేరు పెట్టొద్దు, మమకారం పెరుగుతుంది” అన్నాడు. ఆసుపత్రి గేటు దాటకముందే దాని పేరు దొర అయింది.

దొర చాలాకాలం మంచం కిందనుంచి రాలేదు. మనిషి చూస్తుంటే ముద్ద ముట్టదు. పిన్ని బతిమాలి అలిసిపోయింది. చివరికి బాబాయి దానికి వీపు పెట్టి నేల మీద కూర్చుని, గిన్నె వెనక్కి జరిపి, “ఇది నా పెరుగన్నం. నువ్వు ముట్టుకోకు” అన్నాడు. కాసేపటికి వెనకనుంచి నాకుతున్న చప్పుడు.

“సూసేవేటే, ఇది మన బాపతే” అన్నాడు, తిరిగి చూడకుండా.

మెల్లగా దొరకు బొచ్చు వచ్చింది, గొంతూ వచ్చింది. రైలు కూస్తే మొరుగుతుంది. మా ఊళ్ళో రైళ్ళకేం కొదవ? కాలనీ కార్యదర్శి ఇంటికే వచ్చి, “అంకుల్‌జీ, కుత్తా యహా నహీ రహేగా. పార్క్ మే బోర్డు భీ లగా హై” అన్నాడు. కుక్క ఇక్కడ ఉండడానికి వీల్లేదని, కుక్కల్ని తేవద్దని పార్కులో బోర్డు కూడా పెట్టామని.

“ఉస్కో పఢనా నహీ ఆతా” అన్నాడు బాబాయి, దానికి చదవడం రాదని.

ఆ సాయంత్రం పాత గార్డు యూనిఫారం ఇస్త్రీ చేయించి తొడుక్కుని, దొరను ఆ బోర్డు ముందునుంచే ఊరేగించాడు. కాలనీ కమిటీవాళ్ళు పోలీసులకు చెబుతామన్నారు. ఫిర్యాదులో తన పేరు తప్పుల్లేకుండా రాయమన్నాడు బాబాయి. చలికాలమంతా ఇదే తంతు.

అలాంటి మనిషి ఉన్నట్టుండి దొరకు ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. కమిటీ తానే గెలిచాననుకుంది. వచ్చినవాళ్ళంతా ఆ అరుపులు విని వెళ్ళిపోయారు. చివరికి సిల్తారా ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరైన జోగయ్య దొరికాడు. పెద్ద పెరడు. యంత్రాల మోతకు చెవులు దాదాపు పోయాయి.

“ఇది బాగా మొరుగుద్ది” అన్నాడు బాబాయి గట్టిగా.

“బాగా అరుగుద్దా? అయితే ఏం పెట్టినా తింటది. మంచిదే” అన్నాడు జోగయ్య.

ఇవ్వొద్దని పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బాబాయి ఇచ్చేశాడు. “నేను వద్దన్నాననే ఇచ్చేశాడు మొండిమనిషి” అని పిన్ని వీధంతా చాటింది. అందరూ నమ్మారు. నేనూ నమ్మి, మేడ మెట్ల దగ్గర ఆయన్ను నిలదీశాను. “కమిటీకి భయపడ్డావా బాబాయ్?”

“కమిటీయా? దాని మొహం.” గొంతు తగ్గించాడు. “మీ పిన్నికి ఉబ్బసం. ఆ బొచ్చు పడట్లేదు. నాకు తెలీకూడదని దిండులో మొహం పెట్టుకుని దగ్గుతోంది. తన మూలంగా పంపేశానని తెలిస్తే అన్నం మానేస్తది. నన్ను తిట్టుకుంటే పుష్టిగా ఉంటది.”

ఆ ఆదివారం ముగ్గురం జోగయ్య ఇంటికి వెళ్ళాం. దొర గేటు దగ్గరే పిన్ని మీదికి ఎగబడింది. ఆరుబయట వేపగాలిలో కూర్చుని, దాని తల నిమురుతూ, “వద్దన్నా వినలేదు నాయనా ఈ కఠినాత్ముడు” అని పిన్ని ఏకబిగిన తిట్టింది. మధ్యలో ఒక్క దగ్గయినా రాలేదు.

బాబాయి హాయిగా వింటూ ఇంకో కప్పు టీ అడిగాడు.